అమ్మువాడు నవ్వె నవలనుండి
(ఒక పికప్ పద్యానికి టీకా తాత్పర్యం)

అవతారిక

నూజివీడు తోటల నుంచి నున్న మార్కెట్టుకు మామిడికాయలు తోలే డ్రైవరొకడు సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నాడు. ఆ బండి గురించి విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రి ఎదుట అతను మొర పెట్టుకున్నాడు. ఆ మొరకు ఛందస్సు తొడిగితే ఈ ఆటవెలది అయింది. మొర అతనిది, గణాలు నావి. వ్యాఖ్యాతల్లో పెద్దాయన మల్లినాథసూరి మెదక్ జిల్లా కొల్చారం వాడు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ముందే ప్రతిజ్ఞ చేశాడు. మొదటిది నేనూ పాటిస్తాను. రెండోది నా వల్ల కాదు.

మూలం

కాలు పెట్టగానె కదలక నిలుచును
కొంతసేపు చూచి కోతి దూకు
మిట్ట యెక్కబోతె మీనమేషములెంచు
నమ్మువాడు నవ్వె నవలనుండి

పదచ్ఛేదం

మీనమేషములు + ఎంచున్ + అమ్మువాడు. నవ్వెన్ + అవలనుండి. చివరి ముక్కను ‘నవల నుండి’ అని విరిచి, బండి అమ్మినవాడు ఏదో నవల చదువుకుంటూ నవ్వాడని చెప్పబోయేవారు ఉంటారు. అంత తీరిక ఉన్నవాడు పికప్ ఎందుకు కొంటాడు, ఎందుకు అమ్ముతాడు? కనుక అది త్యాజ్యం.

‘నిలుచును’ తర్వాత ‘గొంతసేపు’ అని సరళాదేశం రావాలి కదా అని లాక్షణికులు అడుగుతారు. రావాలి. ఈ బండికి రావలసినవి ఇంకా చాలా ఉన్నాయి. ముందు అవి చూద్దాం.

ప్రతిపదార్థం

కాలు పెట్టగానె = ఎక్సలేటర్ మీద పాదం మోపిన వెంటనే; కదలక నిలుచును = ఇంజన్ మోగుతున్నా బండి ఊపు అందుకోకుండా ఉండును; కొంతసేపు చూచి = ఒకటి రెండు సెకన్లు తటపటాయించి; కోతి = కోతివలె; దూకు = వెనక ట్రేలలోని కాయలు చెదిరేట్టు ముందుకు ఉరుకును; మిట్ట యెక్కబోతె = లోడుతో ఫ్లైఓవర్ వంటి ఎత్తు ఎక్కబోతే; మీనమేషములెంచు = ముహూర్తం చూసుకొనును; అమ్మువాడు = మునుపటి ఓనరు; అవలనుండి = ఆర్సీ మార్పిడికి అవతలి ఒడ్డున నిలబడి; నవ్వెన్ = నవ్వెను.

తాత్పర్యం

“అన్నా, బండి పుల్లింగ్ లేదు. ఒక్కోసారి ఉంటే మరీ ఎక్కువుంటంది.”

విశేషాలు

‘కాలు పెట్టగానె’ అన్నాడే గాని ‘ఎక్సలేటర్ తీగ లాగగానె’ అనలేదు. ఔచిత్యం ఇక్కడే ఉంది. పాత బండ్లలో కాలు తొక్కితే తీగ కదిలేది. పెట్రోలు బండిలో అది కార్బురేటర్ రెక్కను తెరిచేది, డీజిల్ బండిలో పంపు మీద మీటను లాగేది. ఇది కామన్ రైల్ డీజిల్. ఇందులో తీగ లేదు. పెడల్ మొదట్లో ఒక సెన్సార్ ఉంటుంది. కాలు ఎంత దిగిందో అది రెండు వేర్వేరు వోల్టేజీలుగా ఇంజన్ కంప్యూటర్‌కు, అంటే ఈసీఎంకు చెబుతుంది. రెండూ ఒకదానికొకటి పొసగాలి. పొసగకపోతే ఈసీఎం ఎవరినీ నమ్మక, బండిని నత్తనడకలో పెట్టి లైటు వెలిగిస్తుంది.

అంటే పాదం పెట్టేది అర్జీ మాత్రమే. మంజూరు చేసేది ఈసీఎం. లోపలికి ఎంత గాలి వస్తోంది, రైల్‌లో డీజిల్ ప్రెజర్ ఎంతుంది, టర్బో ఎంత నింపుతోంది, ఇంజన్ వేడి ఎంత, బ్రేకు మీద కాలుందా అని అన్నీ విచారించి, అప్పుడు ఇంజెక్టర్లకు ఉత్తర్వు ఇస్తుంది. కాబట్టి ‘కదలక నిలుచును’ అనే మాటకు మూడు అన్వయాలు పొసగుతాయి. అర్జీ అసలు చేరలేదు. చేరింది, మంజూరు కాలేదు. మంజూరైంది, ఖజానాలో సొమ్ము లేదు.

మొదటి అన్వయాన్ని తేల్చడం తేలిక. ఇంజన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచి, స్కానర్ పెట్టి, లైవ్ డేటాలో పెడల్ శాతం చూస్తూ కాలు మెల్లగా దించాలి. అంకె తడబడకుండా ఎక్కాలి. సున్నా దగ్గర కూర్చుని ఒక్కసారి ముప్పైకి గెంతితే సెన్సార్ అరిగిందని లెక్క. రెండు వోల్టేజీలకు పొత్తు చెడితే వచ్చే కోడ్ పీ 2138. అయితే స్కానర్ తీసేముందు మేస్త్రి వంగి పెడల్ కింద చెయ్యి పెట్టి చూశాడు. కొత్తగా వేసిన మందపాటి మ్యాట్ పెడల్‌ను పూర్తిగా దిగనివ్వని బండ్లు ఉంటాయి. దానికి ఏ కోడూ రాదు.

రెండో అన్వయంలో అందరూ మరిచేది బ్రేకు స్విచ్. బ్రేకూ ఎక్సలేటరూ కలిపి తొక్కినట్టు కనిపిస్తే చాలా బండ్లలో ఈసీఎం ఇంజన్ బలం తగ్గించేస్తుంది. అది రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్ సర్దుబాటు తప్పితే, తొక్కకపోయినా తొక్కినట్టు కబురు పోతుంది. పరీక్షకు పరికరం అక్కర్లేదు. ఒక కుర్రాణ్ణి వెనక నిలబెట్టి, కాలు తీసి ఉన్నప్పుడు బ్రేకు లైట్లు వెలుగుతున్నాయా అని అడిగితే చాలు. ఇంత చిన్న భాగం కోసం ఇంజెక్టర్లు విప్పించుకున్నవాళ్లను తలచుకుంటే నాకు కరుణరసం పొంగుతుంది.

ఇక ‘కొంతసేపు చూచి కోతి దూకు’. పద్యానికి ప్రాణం ఈ పాదం. వ్యాకరణం ప్రకారం క్త్వార్థక క్రియకూ ప్రధాన క్రియకూ కర్త ఒకరే కావాలి. ఇక్కడ చూసేది డ్రైవరు, దూకేది బండి. దోషమేనా? కాదు, నిదానం ఇందులోనే దాగుంది. కాలు కొంచెం పెడతాడు. బండి కదలదు. ఇంకొంచెం దించుతాడు. అప్పటికీ కదలదు. విసుగొచ్చి మూడొంతులు తొక్కుతాడు. సరిగ్గా అప్పుడు టర్బో అందుకుంటుంది, మూడొంతుల అర్జీ ఒక్కసారే మంజూరవుతుంది. దాన్ని అతను ‘ఎక్సలేటర్ మరీ సెన్సిటివ్’ అంటాడు. నిలవడం, దూకడం రెండు రోగాలు కావు. మొదటిది నయమైతే రెండోది తనంతట తానే పోతుంది. రెండోదానికి విడిగా మందు వేస్తే మొదటిది ముదురుతుంది.

ఆ మందు కూడా బజార్లో దొరుకుతుంది. పెడల్‌కూ వైరింగ్‌కూ మధ్య బిగించే చిన్న పెట్టె అది. కాలు పది శాతం దిగితే ఇరవై అని ఈసీఎంకు చెబుతుంది. బలం వీసమెత్తు పెరగదు, అర్జీలోని అంకె పెరుగుతుంది. మునుపటి ఓనరు పుల్లింగ్ లేదన్న బాధలో దీన్ని పెట్టించి, అమ్మేటప్పుడు తీయడం మరిచి ఉండవచ్చు. పాత బండి కొన్నవారు పెడల్ దగ్గర వైరు వెంట ఒకసారి వేలు పోనివ్వడం మంచిది.

ప్రకృతి సహజమైన జాగు కొంత ఉంటుంది, దాన్ని దోషమనకూడదు. సుమారు 1500 ఆర్పీఎం దాటేదాకా టర్బో తిరగడానికి చాలినంత పొగ వేగం ఉండదు. ఆర్పీఎం అంతకు దిగువన ఉండగా లోడు లాగుతూ ‘బండి నిలబడుతోంది’ అంటే అది బండి మీద నింద. కొన్ని బండ్లలో మైలేజీ కోసం ఎకో మీట ఉంటుంది. అది నొక్కి ఉందో లేదో చూడకుండా మేస్త్రి దగ్గరికి పోకూడదు.

‘మిట్ట యెక్కబోతె’ అన్న మాటను తేలిగ్గా తీసుకున్నవాడు జేబుకు చిల్లు పెట్టుకుంటాడు. మేస్త్రి మొదటి ప్రశ్నే ఇది:

“తమ్ముడూ, ఖాళీ బండికి ఉందా, లోడు మీదేనా?”

“లోడు మీదే అన్నా. ఖాళీగా అయితే బాగానే పోద్ది.”

“పొగ?”

“నల్లగా కొడతంది.”

రెండు జవాబులతో సగం శాస్త్రం తేలిపోయింది. పెడల్ సెన్సార్ చెడితే అది ఖాళీ బండికీ లోడు బండికీ తేడా చూపదు. లోడు మీదే మొరాయిస్తే సరఫరాలో లోటు, అంటే మూడో అన్వయం. నల్లపొగ అంటే డీజిల్ అందింది, దానికి తగ్గ గాలి అందలేదు. అదే పొగ లేకుండా బలం పడిపోయి ఉంటే అనుమానం డీజిల్ వైపు తిరిగేది. మూసుకుపోయిన ఫిల్టర్, అడుగున చేరిన నీళ్లు, పైపులో పట్టిన ఎయిర్, రైల్‌లో చాలని ప్రెజర్, ఇలా. నీలిపొగ వేరు కథ, అందులో ఇంజన్ ఆయిల్ పాత్రధారి. ఆర్పీఎం ఎగబాకి స్పీడు మాత్రం పెరగకపోతే అది క్లచ్ ప్లేటు. దాన్ని ఈ పద్యంలోకి లాగనక్కర్లేదు.

గాలి లోటు ఎక్కడ? ఎయిర్ ఫిల్టర్ విప్పి చూశాడు, మట్టి ఉంది గాని ఊపిరాడనంత లేదు. ఈజీఆర్ వాల్వు మసితో తెరుచుకుని ఉండిపోతే కాలిన పొగే మళ్లీ లోపలికి పోయి మంచిగాలికి చోటుండదు. అదీ కాదని తేలింది. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోస్ దగ్గర చెయ్యి ఆపాడు. పైకి బాగానే ఉంది. కింది వంపులో, క్లిప్పు అంచున, నూనె జిడ్డు కలిసిన నల్లటి చార ఒకటి కనిపించింది. క్లిప్పు వదులు చేసి హోస్ మడిచాడు. గోరంత పొడవున చీలిక నోరు తెరిచింది. వదిలితే మళ్లీ మూసుకుంది.

ఆ చీలికలో పద్యమంతా ఉంది. ఐడిలింగ్‌లో టర్బో ప్రెజర్ దాదాపు ఉండదు గనుక చీలిక మూసుకునే ఉంటుంది. షెడ్డులో నిలబెట్టి సబ్బునీళ్లు పోసినా బుడగ రాదు. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు ప్రెజర్ పెరుగుతుంది, చీలిక తెరుచుకుంటుంది, నింపిన గాలి బయటికి పోతుంది. బుస్సుమనే శబ్దం వస్తుంది, కానీ క్యాబిన్‌లో పాట మోగుతుంటే వినపడదు. స్కానర్‌లో ఈసీఎం కోరిన బూస్ట్ (టర్బో ప్రెజర్) ఒక అంకె, దక్కిన బూస్ట్ ఇంకో అంకె. మిట్ట మీద ఆ రెండూ విడిపోతాయి. పక్క సీట్లో కూర్చున్నవాడు చదవాలి, తోలేవాడు చదవకూడదు.

పూర్వపక్షం: కోడ్ పీ 0299 అని స్కానరే చెప్పేదిగా, టీక దేనికి? సమాధానం: ఆ కోడ్‌కు అర్థం ‘బూస్ట్ చాలలేదు’ అని మాత్రమే. ‘టర్బో పోయింది’ అన్నది చదివినవాడి వ్యాఖ్యానం. ఈ దుర్వ్యాఖ్యానం వల్ల నిరపరాధులైన టర్బోలు ఎన్ని విప్పబడ్డాయో! హోస్‌తో పోయేదానికి ఎన్నో రెట్ల ఖర్చు. నా మట్టుకు నాకు, కోడ్ చదివి భాగం మార్చేవాడికంటే, పొగ రంగు అడిగి క్లిప్పు విప్పేవాడే పండితుడు.

ఒక అపవాదం చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో మసిని పట్టే డీపీఎఫ్ ఉన్నవాటికి నల్లపొగ పరీక్ష పనిచేయదు. మసి బయటికి రాకుండా లోపలే నిండుతుంది. నిండి, కాలి శుభ్రపడే అవకాశం లేకపోతే ఈసీఎం తానే బలం కోసేస్తుంది. రోజంతా ఊళ్లో గల్లీల్లో ఆగుతూ పోతూ తిరిగే బండికి ఈ తిప్పలు ఎక్కువ.

మిగిలింది నాలుగో పాదం. ‘అవలనుండి’ నవ్వినవాడు బండి చూపించే ముందు ఏం చేసి ఉంటాడో ఊహించడం కష్టం కాదు. ఇంజన్ నీళ్లతో కడిగించాడు, నల్లటి చార పోయింది. కొనేవాడు వచ్చేసరికి స్టార్ట్ చేసి వేడెక్కించాడు. స్కానర్‌తో పాత కోడ్‌లు చెరిపించాడు. ట్రయల్‌కు ఖాళీ బండి ఇచ్చి చదును రోడ్డు చూపించాడు. పద్యంలో మూడో పాదం అతనికి కంఠస్థం.

చివరగా పాఠభేదం. నాలుగో పాదం మొదటి నకారాన్ని మూడో పాదం చివరి ‘ఎంచున్’కు ఇస్తే ‘అమ్మువాడు’ అవుతుంది. నాలుగో పాదంలోనే ఉంచితే ‘నమ్మువాడు’, అంటే కొన్నవాడు, అవుతాడు. యతి రెండు విధాలా కుదురుతుంది. అమ్మువాడు నవ్వాడని నేనంటాను. నమ్మువాడే నవ్వాడని డ్రైవరు అంటాడు, బేరం బాగా కుదిరిందని ఆ రోజు అతనూ నవ్వాడట. ఇద్దరిలో ఎవరు ముందో తేలాలంటే ఆర్సీ మార్పిడికి ఇచ్చే ఫారం 29, ఫారం 30ల మీద సంతకాలు ఏ తేదీన పడ్డాయో చూడాలి.