పిల్లి వలయునేని: ఒక నకలు తోటకు టీకాతాత్పర్యాలు

మూలం

ఆ. చేతిగీత తోట చిత్రశాలకు దీటు
నూనెరంగు పూత నూటికొకటి
చట్రమడుగవలదు చాపచుట్టగ వచ్చు
పిల్లి వలయునేని పిలువవలయు

అవతారిక: ఈ పద్యకర్త చేత్తో గీసిన నకలు బొమ్మలమ్మే వర్తకుడు. పేరు తెలియదు. శ్రీకారం చుట్టలేదు, ఇష్టదేవతను తలచలేదు. తిన్నగా సరుకులోకి దిగాడు. వర్ణ్యవస్తువు 'దోబిన్యీ గారి తోట'. వాన్ గో 1890 వేసవిలో, పారిస్ దగ్గరి ఓవేర్ అనే ఊళ్లో గీశాడు. దోబిన్యీ కూడా చిత్రకారుడే, ప్రకృతి దృశ్యాలకు పేరుపడ్డవాడు. 1878లోనే కాలం చేశాడు. వాన్ గో వెళ్లేనాటికి ఆ ఇంట్లో ఆయన భార్య ఉండేది.

ప్రతిపదార్థం: చేతిగీత తోట = చేత్తో గీసిన తోట. అరచేతి గీత అని కూడా తోస్తుంది గానీ, అప్పుడు ఎవరి అరచెయ్యి అన్న ప్రశ్న వస్తుంది. దాని సంగతి తరవాత.

చిత్రశాలకు దీటు = మ్యూజియంలో ఉన్నదానికి సాటి. ఇది అతిశయోక్తి అని తొందరపడవద్దు. అమ్మేవాడి నోట ఇది స్వభావోక్తి.

నూనెరంగు పూత = పూసిన పూత ఒకటి, మామిడిపూత వంటి పూత ఒకటి. తోట గనక రెండోదే రసవంతం. అయితే వాన్ గో రంగును ముద్దముద్దగా పెట్టే మనిషి. ఈ మందం కోసమని కొందరు అచ్చు బొమ్మ మీద రంగులేని జిగురు పూసి, గరుకు తేల్చి, చేతిపని అంటారు. వేలితో తడిమితే బండారం బయటపడుతుంది: ఆకు ఒక దారి, గరుకు ఒక దారి.

నూటికొకటి = వందలో ఒకటని కొనేవాడి అర్థం, వందకొకటని అమ్మేవాడి అర్థం. శ్లేష. వంద రూపాయలా, డాలర్లా, యువాన్లా అన్నది కవి చెప్పలేదు. ప్రాచీన కవులకూ ఈ గడుసుదనం అబ్బలేదు.

చట్రమడుగవలదు = ఫ్రేము రాదు. చాపచుట్టగ = రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాలని అధ్యాహారం. లోపలికి చుడితే మందపు రంగు నలిగి ముడతలు పడుతుంది. చట్రం విషయంలో మరో చిక్కుంది. వాన్ గో ఈ తోటను సుమారు యాభై సెంటీమీటర్ల ఎత్తు, నూరు సెంటీమీటర్ల వెడల్పుగా, రెండు చదరాలు పక్కపక్కన పెట్టినట్టు గీశాడు. అంగడి చట్రాల్లో ఇరవై అంగుళాలకు ఇరవైనాలుగు మామూలు కొలత. అందులో ఇమడ్చాలంటే తోటను కొయ్యాలి. ఏ వైపు కోసినా ఒక పొదో కుర్చీయో పోతుంది.

పిలువవలయు = ఫోను చేయాలి. పిల్లిని పిలవాలని కొందరు. రెండూ సాధువులే.

శంక: నకలుకు ఇంత టీక ఎందుకు? సమాధానం: అసలు కర్తే తన తోటను పదేపదే గీశాడు. మొదట ఒక చిన్న ప్రతి. చేతిలో కాన్వాసు లేక తువాలు మీద గీశాడు. ఇప్పుడది ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. తరవాత పెద్దవి రెండు. అంతకు మూడేళ్ల ముందు, 1887లో, జపాను చిత్రకారుడు హిరోషిగే అచ్చువేసిన కామెయిదో ప్లమ్ తోటను నూనెరంగుల్లో నకలు తీశాడు. తనకు రాని జపాను అక్షరాలను కూడా అంచుల్లో గీశాడు. కాబట్టి నకలును చిన్నచూపు చూసే హక్కు కనీసం వాన్ గో అభిమానులకు లేదు.

ఇంకొక ఉపపత్తి. ఈ తోటకు కర్తే వ్యాఖ్య రాసిపెట్టాడు. 1890 జులై 23న తమ్ముడు థియోకు పంపిన ఉత్తరంలో బొమ్మ గీసి మరీ వివరించాడు: ముందు ఆకుపచ్చ, గులాబి కలిసిన గడ్డి, నడుమ గులాబీల మడి, వెనక నీలి పెంకుల గులాబిరంగు ఇల్లు, ఒక బెంచీ, మూడు కుర్చీలు, పసుపు టోపీ పెట్టుకున్న ఒక నల్లని ఆకారం, లేత ఆకుపచ్చ ఆకాశం. వరసగా పసుపుపచ్చని చెట్లు కూడా చెప్పాడు. ఇంగ్లిషులో వాటిని 'లైమ్' అన్నారని మనవాళ్లు నిమ్మచెట్లు అనుకోగలరు. కావు, అవి లిండెన్ చెట్లు. ముందుభాగంలో ఒక నల్లపిల్లి. థియోకు ఆయన పంపిన ఉత్తరాల్లో అదే ఆఖరిది. ఆరు రోజులకు పోయాడు.

పాఠాంతరం: ఇక్కడే రసవత్తరం. బాసెల్ స్టేహెలిన్ సేకరణ ప్రతిలో పిల్లి ఉంది. హిరోషిమా మ్యూజియం ప్రతిలో లేదు. అది ప్రక్షిప్తం కాదు, లోపం. తరవాతి కాలంలో ఎవరో పిల్లి మీద రంగు పూశారు. పరీక్షించి చూస్తే కింద పిల్లి ఉంది. బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి తాళపత్ర ప్రతులు సరిచూపించినట్టు, నకలు కొనేవాడు కూడా ఏ ప్రతిని అనుసరించారో అడగాలి. నా మటుకు పిల్లి పాఠమే సాధుపాఠం. కర్త ఉత్తరంలో రాసిన పిల్లిని కాదనడానికి మనమెవరం?

వ్యాకరణ విశేషం: పద్యంలో చేయి ఉంది, గీత ఉంది, కర్త లేడు. ఇది పొరపాటు కాదు, వ్యాపారం. చైనాలో షెన్‌జెన్ నగరం పక్కన దాఫెన్ అనే ఊరుంది. 1989లో హాంకాంగ్ వర్తకుడు హువాంగ్ జియాంగ్ కొందరు చిత్రకారులతో అక్కడికి వచ్చి ఆర్డర్ల మీద నూనెరంగు బొమ్మలు గీయించాడు. ఆ ఊరు పెరిగి ప్రపంచమంతటికీ వాన్ గోలను పంపింది. కొన్ని గదుల్లో ఒకరు ఆకాశం, ఒకరు ఆకులు. వాళ్ల పేర్లు కొన్నవాళ్లకు తెలియవు.

మన లేఖకులు ఇలా ఉండేవారు కారు. అరువు గ్రంథానికి నకలు రాసినా, చాలామంది చివర తమ పేరు, ఊరు, తిథి వేసేవారు. చూసింది చూసినట్టు రాశామని, తప్పుంటే తమను నిందించవద్దని వేడుకునేవారు. నకలుకూ ఒక కర్త ఉంటాడని ఆ నాలుగు ముక్కలే సాక్ష్యం.

తాత్పర్యం: బొమ్మ బాగుంటుంది, చౌక, ఫ్రేము మీరే కట్టించుకోవాలి, అని భావం.

ఫోను చేసేవారికి మనవి: బాసెల్ ప్రతి అని అడగండి, అంచులు కొయ్యవద్దనండి. బట్ట వెనక గీసినవారి పేరు, ఊరు, తేదీ వారి చేత్తోనే రాయించి పంపమనండి.