గొలుసు గోడు

గొలుసు అనగానే మీ చూపు మెడ మీదికి పోతుంది. నేను ఆ జాతిదాన్ని కాను. నన్ను వేసేది కాలికి, అదీ కారు కాలికి. అమెరికాలో సియాటెల్ పక్కన బోథెల్‌లో ఉండే ఒక తెలుగువాళ్ల కామ్రీ డిక్కీలో ఎనిమిదేళ్లు కాపురం చేశాను. ఆ ఎనిమిదేళ్లలో రోడ్డు మొహం చూసింది రెండే రెండు సార్లు. మిగతా కాలమంతా సోనా మసూరి బస్తాల కింద. ఒకసారి ఆవకాయ సీసా మూత ఊడి నూనె నా సంచీలోకి కారితే ఇంటావిడ తెగ నొచ్చుకుంది గాని, ఇనుముకి నూనె కంటే కావలసిందేముంది? అందులో ఉప్పు సంగతి మాత్రం అడక్కండి.

నాకూ ఓ వంశముంది. న్యూయార్క్ రాష్ట్రంలోని కెనస్టోటా ఊరివాడు హ్యారీ వీడ్ 1904లో టైరు గొలుసుకి పేటెంట్ పుచ్చుకున్నాడు. బురదలో జారకుండా జనం టైర్లకి తాళ్లూ తీగలూ చుట్టుకోవడం చూసి ఆయనకి ఈ ఊహ వచ్చిందంటారు. అంతకు ముందు ఏడాదే, 1903లో, నెదర్లాండ్స్‌లో స్పైకర్ అన్నదమ్ములు నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే పెట్రోలు కారు తయారుచేశారు. అంటే ఫోర్ వీల్ డ్రైవూ నేనూ ఈడువాళ్లం. దాన్ని పది మందికీ చూపించుకోవడానికి కొంటారు. నన్ను తిట్టుకుంటూ కొంటారు. అంతే తేడా.

2015 నవంబరులో మా ఇంటాయన నన్ను కొన్నాడు. లెవెన్‌వర్త్‌లో క్రిస్మస్ దీపాలు చూడ్డానికి పిల్లాణ్ణి తీసుకెళ్లాలని ప్రయాణం. మధ్యలో స్టీవెన్స్ కనుమ, 4,061 అడుగుల ఎత్తు. టైర్ల దుకాణంవాడు, “సంచీ విప్పకపోతే వసంతంలో వెనక్కి తెచ్చివ్వండి, డబ్బు మొత్తం ఇచ్చేస్తాం” అన్నాడు. ఇంటాయన ముఖం వెలిగిపోయింది. ఆ ఏడు వాడలేదు. ఏప్రిల్ వచ్చింది, వెళ్లింది, తిరిగివ్వడం మరిచిపోయాడు. అలా ఈ ఇంటి దాన్నయ్యాను.

ఇక్కడి చలికాలం గురించి కాస్త చెప్పాలి. సియాటెల్ అంటే మంచు అనుకుని గోదావరి జిల్లాల నుంచి మంకీ క్యాపులు మోసుకొస్తారు. నిజానికి జనవరిలో కూడా పగలు ఎనిమిది తొమ్మిది డిగ్రీలుంటుంది. అదో ముసురు, అంతే. విమానాశ్రయం దగ్గర చలికాలం మొత్తానికి సగటున పడే మంచు ఆరంగుళాలు. అదే తూర్పుగా గంట ప్రయాణం చేసి స్నోక్వాల్మీ కనుమ ఎక్కితే, 3,022 అడుగుల ఎత్తులో, ఏడాదికి 400 అంగుళాల దరిదాపుల్లో పడుతుంది. ఊళ్లో వాన, కొండ మీద మంచు. ఫోర్ వీల్ డ్రైవు కావాలా వద్దా అన్న తగువు ఇక్కడి ప్రతి ఇంట్లోనూ పుట్టేది ఈ గంట దూరం వల్లే.

నా మొదటి ముచ్చట ఆ కనుమ దారిలోనే తీరింది. మరుసటి చలికాలం ఒక శనివారం, పిల్లాడికి మంచులో జారుడు ఆట చూపించాలని బయల్దేరారు. నార్త్ బెండ్ దాటాక బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయి: చెయిన్లు తప్పనిసరి. ఇంటాయన కారు పక్కకి తీసి, కాళ్ల కింది రబ్బరు పట్టా బురద మంచులో పరిచి, దాని మీద మోకాళ్లేసి కూర్చుని, నలభై నిమిషాలు నాతో కుస్తీ పట్టాడు. చేతులు కొంకర్లు పోయాయి. చివరికి తొడిగాడు, వెనక చక్రాలకి.

కామ్రీని లాగేవి ముందు చక్రాలు. వెనక వాటికి గొలుసు కడితే, బండికి కట్టిన ఎద్దుల్ని వదిలేసి వెనకాల నడిచే దూడకి నాడాలు కొట్టినట్టు. పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒక పెద్దాయన పక్కనుంచి చూసి చూసి, ఇక ఆగలేక వచ్చి చెప్పాడు. మళ్లీ మొదలు. ముందు లోపలి వైపు కొక్కెం, తర్వాత బయటి వైపు కొక్కెం, ఆపైన బిగింపు. కాస్త దూరం పోయాక ఆగి మళ్లీ బిగించాలని కూడా ఆయన చెప్పాడు. మావాడు వినలేదు. దారంతా లోపలి ప్లాస్టిక్ రేకుని టపటపా బాదుతూ వెళ్లాను. నా తప్పు కాదు.

ఆ రోజు బోర్డు దగ్గర మమ్మల్ని దాటుకుని రయ్యిన పోయిన వాటిలో సగం ఆల్ వీల్ డ్రైవులు. వాటికి మినహాయింపు ఉంది, తగిన టైర్లుంటే తొడగక్కర్లేదు. కానీ తొడగకపోయినా ఒక జత గొలుసులు కారులో ఉండి తీరాలని వాషింగ్టన్ నిబంధన. వాళ్లలో ఎంతమంది డిక్కీల్లో మా వాళ్లున్నారో నాకు అనుమానమే. వేలు పోసి ఆల్ వీల్ డ్రైవు కొన్నాక గొలుసేంటి అనుకుంటారు. కొండ అలా అనుకోదు.

రెండోసారి 2019 ఫిబ్రవరి. ఆ నెల ఒక్కదాంట్లోనే విమానాశ్రయం దగ్గర 20.2 అంగుళాలు పడింది. యాభై ఏళ్లలో ఒక నెలలో అంత మంచు పడలేదు. ఇంటాయనది కంప్యూటరు ఉద్యోగం, దుప్పట్లో కూర్చుని చేసుకుంటాడు. ఇంటావిడది ఆస్పత్రి ల్యాబు. మంచు పడిందని రక్తపరీక్షలు ఆగవు. మా వీధేమో పెద్ద వాలు. పగలు కాస్త కరిగి రాత్రికి గడ్డకట్టి, పొద్దున్నకి అద్దమైపోయింది. గడ్డు చలి ఉండే దేశాల్లో మంచు గరుగ్గా, కాస్తో కూస్తో పట్టు దొరికేలా ఉంటుంది. సున్నా దగ్గర ఊగిసలాడే ఈ ఊళ్లో మంచు మీద నీటి పొర ఉంటుంది. మెత్తటి చలికాలం అన్న పేరేగాని, జారడంలో దీని తర్వాతే ఏదైనా.

ఆ రోజుల్లో ఇంటావిడ తండ్రి ఇక్కడే ఉన్నారు. దాళ్వా నాట్లు అయిపోగానే కోనసీమ నుంచి బయల్దేరి వచ్చిన రైతు. డిక్కీలోంచి నన్ను తీయగానే చేత్తో పట్టుకుని తిప్పి చూసి, “ఇవి మన దమ్ము చక్రాల్లాంటివే కదండీ అల్లుడుగారూ” అన్నారు. నా బతుకులో నన్ను ఎవరైనా గుర్తుపట్టి పలకరించింది అదే మొదలు. బురద మడిలో ట్రాక్టరు దిగబడకుండా తొడిగే ఇనప చక్రాలట. వాటితో తారు రోడ్డెక్కితే రోడ్డు పాడవుతుందని తిడతారట. నాకూ అదే శాపం. మంచు లేని తారు మీద నడిపితే రోడ్డూ చెడుతుంది, నేనూ తెగుతాను.

పావుగంటలో నన్ను ముందు చక్రాలకి బిగించేశారు. అప్పుడే ఎదురింటాయన ఫోర్ వీల్ డ్రైవు పికప్పు కింది నుంచి వాలు ఎక్కి వచ్చింది. ఎంత హుందాగా ఎక్కిందో! నాకు అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు. పెట్టేదో ఇంట్లో దింపి మళ్లీ కిందికి బయల్దేరాడు. స్టాపు గుర్తు దగ్గర బ్రేకు వేశాడు. నాలుగు చక్రాలూ కలిసికట్టుగా ఆగిపోయాయి, బండి మాత్రం ఆగలేదు. మూల మీదున్న పోస్టు డబ్బాల వరసని పడగొట్టుకుని కాలవలోకి ముక్కు పెట్టింది. మనిషికి ఏమీ కాలేదు.

పెద్దాయన చాలాసేపు అటే చూసి, “మా వైపూ ఫోర్ వీల్ డ్రైవు ట్రాక్టర్లు దిగాయండీ. దమ్ములో బ్రహ్మాండంగా లాగుతాయి. కానీ గట్టు దిగేటప్పుడు కావలసింది లాగడం కాదు కదా, ఆగడం” అన్నారు.

మేం గంటకి పదిహేను మైళ్ల వేగంతో, పెళ్లి పల్లకీలా దిగాం. కింద పెద్ద రోడ్డుని అప్పటికే గీకి శుభ్రం చేసేశారు. అక్కడ నన్ను విప్పేశారు. నా సేవ మొత్తం ఆరువందల గజాలు.

2022 డిసెంబరు 23న పడింది మంచు కాదు, నేలని తాకగానే గడ్డకట్టే వాన. ఆ రోజు కారుకి ఎన్ని చక్రాలు లాగినా ఒకటే. ఇంటావిడకి సెలవు కావడం మా అదృష్టం.

ఇక 2023. కామ్రీకి పదకొండేళ్లు నిండాయి. కొత్త కారు కొనాలి. ఇంటాయన ఆల్ వీల్ డ్రైవు తప్ప ఇంకోటి వద్దంటాడు. గ్యారేజీలో కారు ఎదుటే ఈ తగువు నెలరోజులు నడిచింది. డిక్కీలోంచి అన్నీ విన్నాను.

“ఏమండీ, ఏడాదికి ఎన్ని రోజులు కనుమ ఎక్కుతాం?” అని ఇంటావిడ మొదటి ప్రశ్న. వేళ్లు మడిచి లెక్కపెడితే మూడు. ఊళ్లో మంచు రోజులు ఇంకో మూడు. మంచులో కారు తీసి తీరాల్సిన మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే, వద్దంటున్నదీ ఆవిడే. 2019 తర్వాత ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. మంచు సూచన రాగానే ముందు రోజు సాయంత్రమే కారు వాలు కింద పెట్టి, ఇంటికి నడిచి ఎక్కేస్తుంది. ఇంత చిన్న విషయానికి పదిహేనువందల డాలర్లు అదనంగా ఎందుకంటుంది. పైగా గ్యాలనుకి ఒకటో రెండో మైళ్లు తగ్గుతాయి, ఏడాది పొడుగునా. ఒక టైరు మేకు గుచ్చుకుని పాడైతే, ఆల్ వీల్ డ్రైవులో నాలుగూ ఒకే అరుగుదలలో ఉండాలి కాబట్టి కొన్ని సార్లు నాలుగూ మార్చాల్సి వస్తుంది.

ఇంటాయన ఊరుకోలేదు. అయితే అసలైన ఫోర్ వీల్ డ్రైవే కొందామన్నాడు, లివరు వేసి ముందు వెనక ఇరుసుల్ని ముడివేసే రకం. అది పొడి రోడ్డు మీద వేసుకోవడానికి కుదరదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరగాలి, ముడి వేసి ఉంటే ఒకదాన్నొకటి పీక్కుంటాయి. సియాటెల్‌లో ఆ లివరు ఏడాదిలో 360 రోజులు నాలాగే నిద్రపోతుంది.

తగువు తేల్చింది పిల్లాడు. హైస్కూలు ఆఖరి ఏడు, ఫిజిక్సు తలకెక్కిన రోజులు. ముప్ఫై మైళ్ల వేగం మీద బ్రేకు వేస్తే పొడి తారు మీద ఆగడానికి 43 అడుగులు, తొక్కుడు పడిన మంచు మీద 150, నున్నటి ఐసు మీద 300 అని కాగితం మీద వేసి చూపించాడు. “ఈ లెక్కలో ఇంజను ఎన్ని చక్రాలకి కలిసుందన్న అంకె ఎక్కడా రాదు నాన్నా. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకీ ఉంటాయి. మారేదల్లా టైరు పట్టే” అన్నాడు. ఏడు డిగ్రీల కంటే కిందికి దిగితే మామూలు రబ్బరు బిగుసుకుంటుంది. పక్కన మూడు శిఖరాలూ మంచు పువ్వూ బొమ్మ ఉన్న టైరు అప్పటికీ మెత్తగా ఉంటుంది.

ఇంటాయన చివరి అస్త్రం వేశాడు: రేపు అమ్మేటప్పుడు ధర పలుకుతుందని. అందులో కొంత నిజముంది. వారం వారం స్కీయింగుకి పోయేవాళ్లకీ, నిటారు వాలు మీద ఇల్లుండి కారు కింద పెట్టే చోటు లేనివాళ్లకీ ఆల్ వీల్ డ్రైవు కావాలి, నేనూ ఒప్పుకుంటాను. మావాళ్లు ఆ లెక్కలోకి రారు. ముందు చక్రాలు లాగే హైబ్రిడ్ కొన్నారు. మిగిలిన డబ్బులో సగం పెట్టి ఆ బొమ్మ ఉన్న టైర్లు వేయించారు. బోథెల్ గుడి దగ్గర పూజ చేయించి నిమ్మకాయలు తొక్కించారు. ముందు చక్రాల కింద రెండు, వెనక చక్రాల కింద రెండు. అక్కడ మాత్రం నాలుగు చక్రాలకీ సమాన హక్కు.

దాని టైరు 18 అంగుళాల రింగుది, నేను 16 అంగుళాల దాన్ని. దానికి పట్టను. చెత్తబుట్టే గతి అనుకున్నాను. కానీ పిల్లాడికి పుల్‌మన్‌లో కాలేజీ సీటొచ్చింది. సియాటెల్ నుంచి 300 మైళ్లకి కాస్త తక్కువ. మధ్యలో స్నోక్వాల్మీ కనుమ, అవతల నిజమైన చలికాలం. కామ్రీ వాడికిచ్చారు. నేను కామ్రీతో పాటే.

బయల్దేరే ముందు, ఆగస్టు ఎండలో, తాతయ్య వాట్సాప్ వీడియోలో చూస్తుండగా వాడు నన్ను ఇంటి ముందు పరిచి తొడిగి చూసుకున్నాడు. ముందు చక్రాలకే. పదకొండు నిమిషాలు పట్టింది.