అరువు తొట్టిలో పగడాల తోట

పగడాల అక్వేరియం పెట్టాలంటే లక్షలు కావాలని మీకు ఎవరో చెప్పే ఉంటారు. ఆ చెప్పినవాళ్లు కొత్త సామాను కొన్నవాళ్లు. మనం ఏలూరులో ఉన్నాం. కైకలూరు నుంచి ఆకివీడు మీదుగా భీమవరం దాకా ఏ చెరువు గట్టు షెడ్డులో చూసినా పాత మోటార్లు, పాత మీటర్లు మూలన పడి ఉంటాయి. అడిగితే ఇచ్చేస్తారు, అడక్కపోయినా ఏమనుకోరు. ఓ మూసేసిన అక్వేరియం కొట్టు నుంచి గాజుతొట్టి, రాయి తెచ్చుకుంటే ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి చుట్టాలకు చూపించేయొచ్చు. సోమవారం సంగతి సోమవారం చూసుకుందాం.

1. ముందు కట్టండి, తర్వాత అడగండి. ఈ సూత్రం కొల్లేరు నేర్పింది. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కించారు. చేపల చెరువులేమైనా ఆగాయా? 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు తెగ్గొట్టారు, కొన్నాళ్లకు గట్లు మళ్లీ లేచాయి. కాబట్టి ఇంట్లో అనుమతి అడుగుతూ కూర్చోకండి. తొట్టి హాల్లో నిలబెట్టి, నీళ్లు నింపేసి, అప్పుడు మీ ఆవిడకు చెప్పండి. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టిలో 255 లీటర్లు పడతాయి. 75 కిలోల ధాన్యం బస్తాలు మూడున్నర అన్నమాట. రాయి, గాజు బరువు అదనం. దాన్ని జరపమని ఆవిడ అనగలదు గానీ జరిపేవాడు దొరకడు.

2. పాత తొట్టిని పెరట్లో పెట్టి, నీళ్లు పోసి, రెండ్రోజులు చూడమంటారు. మూలల్లో సిలికాన్ ఎండిపోయి ఉంటే కారుతుందట. ఆ పరీక్షేదో హాల్లోనే చేసుకోండి, మోత ఖర్చు ఒక్కసారితో పోతుంది. అద్దె ఇల్లు, అందులోనూ మేడమీద వాటా అయితే ఇంకా మంచిది. తొట్టి కారితే ముందు తెలిసేది కింద ఉండే ఓనరుగారికి. అలారం కొనే డబ్బు మిగిలింది.

3. అమ్మేవాణ్ణి రాగి గురించి అడగకండి. ఉప్పునీటి చేపకు తెల్లమచ్చల జబ్బు వస్తే కాపర్ మందు వేయడం మామూలే. ఆ రాగి రాయిలోకి, సిలికాన్‌లోకి ఇంకిపోయి, తర్వాత కొద్దికొద్దిగా నీళ్లలోకి దిగుతుంది. చేప ఓర్చుకుంటుంది. నత్తలు, రొయ్యలు, పగడాలు ఓర్చుకోలేవు. అయినా రాగిచెంబులో నీళ్లు తాగితే ఆరోగ్యమని మన పెద్దవాళ్లు చెప్పలేదా? పగడానికి మాత్రం ఎందుకు చెడుతుంది?

4. ఇప్పుడు రాయి. అసలు పని అంతా ఇక్కడే ఉంది. పగడాల తొట్టిలో నీళ్లను శుభ్రం చేసేది మోటారు కాదు, రాతి చిల్లుల్లో కాపురం ఉండే బ్యాక్టీరియా. అందుకే దాన్ని లైవ్ రాక్ అంటారు. మీకు దొరికే పాత రాయి ఏడాదిగా గోనెసంచిలో ఎండిన సరుకు. అందులో ఉన్నవన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి. దాన్ని బ్రష్షుతో రుద్ది, ఉప్పునీళ్ల డ్రమ్ములో వారాల తరబడి నానబెట్టి, నీళ్లు మార్చి, పాత యజమాని వేసిన మేత నుంచి పేరుకున్న ఫాస్ఫేట్ దిగిపోయేదాకా ఆగమంటారు. వారాలు! మీరు నేరుగా తొట్టిలో పడెయ్యండి. రెండోరోజుకి వాసన మొదలవుతుంది. ఎదురింటివాళ్లు అడిగితే వీధిలో చేపల లారీ ఆగిందని చెప్పండి. ఏలూరులో ఆ మాటను అనుమానించేవాడు లేడు. మూడోవారానికి ఫాస్ఫేట్ పుణ్యమా అని రాళ్లన్నీ పచ్చటి నాచుతో కళకళలాడతాయి. పసరిక చేను పెంచినట్టు గర్వపడండి.

అదృష్టం బాగుండి, ఎక్కడో మూల తడి ఆరని రాయి ఒకటి దొరికిందనుకోండి, దాని మీద గోధుమరంగు పువ్వులాంటిది విచ్చుకుంటుంది. దాని పేరు ఐప్టేసియా. తెలిసినవాళ్లు దాన్ని కలుపుమొక్క కింద లెక్కేసి భయపడతారు, పక్కనున్న పగడాలను అది కుట్టి చంపుతుంది గనక. మీరు దాన్ని పగడమే అనండి. పైసా పెట్టకుండా పుట్టిన పగడం. గోటితో గిల్లండి, చితగ్గొట్టండి, తెగిన ప్రతి ముక్కా మరో పువ్వవుతుంది. నెల తిరక్కుండా తొట్టంతా తోటే. చుట్టాల్లో తేడా కనిపెట్టేవాడు ఉండడు. ఉంటే వాణ్ణి మళ్లీ పిలవకండి.

అన్నట్టు, చట్టం. పగడాలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. కేసు రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. భయపడేవాళ్లు సిరామిక్ రాయో, పిడుగురాళ్ల వైపు సున్నపురాయో పెట్టుకుంటారు. మీకు అమ్మేవాడు మాత్రం “చచ్చిన పగడమే సార్, దీనికి కేసేముంటుంది” అంటాడు. చట్టం చచ్చినదాన్నీ వదలదు. ఆ సంగతి చెప్పి అతని మనసు పాడుచేయకండి. ఎవరైనా అధికారి గుమ్మంలోకి వస్తే మీ ఆవిడ పగడాల దండ తెగిపడిందని చెప్పండి. పదిహేను కిలోల దండ ఎవరు వేసుకుంటారని అడిగితే, మా అత్తగారు ఘనంగా పెట్టారని చెప్పండి.

5. నీళ్లు. సముద్రంలో ఉన్నట్టు లీటరుకు 35 గ్రాముల ఉప్పు పడాలి. 255 లీటర్లకు తొమ్మిది కిలోలు. దీనికి సముద్రపు లవణాలన్నీ కలిపిన ఖరీదైన ఉప్పు డబ్బాల్లో అమ్ముతారు. ఆవకాయ పెట్టగా మిగిలిన కళ్లుప్పు ఇంట్లో ఉండగా అదెందుకు? చినగంజాం మడుల్లో పండినదైనా ఉప్పు ఉప్పే కదా. నిజానికి మడిలో ఉప్పు గడ్డకట్టక ముందే కాల్షియం చాలావరకు అడుక్కి దిగిపోతుంది, గడ్డకట్టాక మిగిలిన చేదునీళ్లతో మెగ్నీషియం బయటికి పోతుంది. పగడం తన ఎముక కట్టుకునేది ఆ కాల్షియంతోనే. లీటరుకు 400 మిల్లీగ్రాముల పైన ఉండాలి. ఎముక లేకుండా మెత్తగా బతకడం పగడానికి అలవాటు చెయ్యండి.

ఉప్పు కలిపే నీళ్లు ఆర్వో నీళ్లు అయ్యుండాలంటారు. తప్పకుండా ఆర్వో నుంచే పట్టండి, కానీ రెండో గొట్టం నుంచి. తాగే నీళ్లను చేపల పాలు చేస్తే పాపం. మిషను వద్దని వదిలేసిన నీళ్లు సింకులోకి ఊరికే పోతున్నాయి. మామూలు నీళ్లలో ఉండే చెత్తంతా అందులో మరింత చిక్కగా దొరుకుతుంది.

పేరుపాలెం బీచికెళ్లి డ్రమ్ములతో సముద్రాన్నే తెచ్చుకుంటామనేవాళ్లూ ఉన్నారు. వెళ్లండి. గోదావరి ఎర్రనీళ్లు సముద్రంలో కలిసే వానాకాలంలో వెళ్లండి, ఒండ్రు కూడా ఉచితంగా వస్తుంది. డ్రమ్ము మాత్రం చెరువు మందులు మోసినదై ఉండాలి. కడిగితే వాసన పోతుంది, కాబట్టి కడగకండి. లోపల ఏముందో వాసనే కదా చెప్పేది.

6. ఎండాకాలం తొట్టిలో నీళ్లు తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అందులోనే ఉండిపోతుంది, అందుకని తగ్గినంత మేరకు మంచినీళ్లు పోయాలంటారు. వినకండి. ఉప్పునీళ్ల తొట్టిలో ఉప్పునీళ్లే పోయాలి. న్యాయం అంటే అది. వేసవి ముగిసేసరికి మీ చేప ఊరగాయకు సిద్ధంగా ఉంటుంది.

7. ఉప్పు కొలవడానికి రొయ్యల చెరువున్న బాబాయిగారి సాలినిటీ మీటరు అరువు తెచ్చుకోండి. అది ఒకసారి బురదలో పడింది, సరిచూసుకున్న పాపాన ఎవరూ పోలేదు. అదే దాని అనుభవం. ఆయన్నే సలహా కూడా అడగండి.

“బాబాయ్‌గారూ, ఉప్పు ఎంత ఉండాలంటారు?”

“పది ఉంటే చాల్రా అబ్బాయ్. మన రొయ్య అయిదులో కూడా బతికింది.”

ఆయన చెప్పేది అబద్ధం కాదు. 2009లో మన దేశంలో పెద్ద ఎత్తున పెంచడానికి అనుమతి వచ్చిన వనామి రొయ్య చప్పటి బోరునీళ్లలోనూ సర్దుకుపోతుంది. పగడానికి 35 కావాలి. అయితే బాబాయిగారికి ముప్పై ఎకరాలున్నాయి, పగడానికి ఎన్ని ఎకరాలున్నాయి? ఎవరి మాట వినాలో మీకే తెలుస్తుంది.

8. కార్బన్ ఫిల్టరు కొనకండి. ఇస్త్రీ బండివాడి బొగ్గులు గుప్పెడు తెచ్చి, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్ వలసంచిలో కట్టి తొట్టిలో వేలాడదీయండి. సంచి రంగు దిగి నీళ్లు కాస్త గులాబీ రంగులోకి వస్తే లైట్ల ఖర్చు తగ్గింది. మురికిని నురగ కట్టించి తీసే పాత ప్రొటీన్ స్కిమ్మర్ దొరికితే టీవీ సీరియల్ వేళ ఆపెయ్యండి, గురకపెడుతుంది. పొద్దున మళ్లీ వేయడం మర్చిపోవడం సహజం.

9. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలట. మే నెలలో ఏలూరు ఎలా కాలుతుందో మీకు చెప్పక్కర్లేదు. చిల్లర్ ధర వినకముందే ఐసు ఫ్యాక్టరీకి వెళ్లి ఒక దిమ్మ తెచ్చి తొట్టిలో దింపండి. చేపకు ఐసు కొత్తేం కాదు. కొల్లేటి బొచ్చె, శీలావతి హౌరా దాకా ఐసులోనే వెళ్తున్నాయి. చచ్చాక వెళ్తున్నాయన్నది వేరే సంగతి.

10. నీళ్లు పోసిన రోజే చేపల్ని వదలండి. కొత్త తొట్టిలో అమ్మోనియా పుట్టి, నైట్రైట్‌గా మారి, నైట్రేట్‌గా తేలేసరికి నాలుగైదు వారాలు పడుతుందని, ఆ మార్చే బ్యాక్టీరియా పెరిగేదాకా చేప వేయొద్దని చెబుతారు. బాబాయిగారు కూడా చెరువు ఎండగట్టి, సున్నం చల్లి, నీళ్లకు రంగు వచ్చాక గానీ సీడు దింపరు. అది ఆయన అప్పు తెచ్చిన డబ్బు, ఆయనకు ఆ భయం ఉండాలి. మీ తొట్టికి ఆదివారం చుట్టాలొస్తున్నారు. అమ్మోనియా పరీక్ష తప్పదనుకుంటే కాలం తీరిన కిట్టు వాడండి. పసుపు రంగొస్తే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చ తిరిగితే ఉన్నట్టు. పాత పసుపు బల్బు కింద చూస్తే ఫలితం ఎప్పుడూ మీ వైపే ఉంటుంది.

పిల్లలు నీమో అని పిలిచే క్లౌన్ ఫిష్‌ను మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ హేచరీలో పుట్టించి చూపించింది. తొట్టిలో పుట్టిన చేప తొట్టిలో బతుకుతుంది, మేత కూడా గొడవ చేయకుండా తింటుంది. మీరు సముద్రంలో పట్టినదే అడగండి. బేరమాడి పది తీసుకోండి. ఎకరాకు ఎన్ని వేలు వేస్తారో తెలిసిన ఊరివాళ్లం, పదికి వెనకాడతామా?

11. కారణాలు ముందే సిద్ధం చేసుకోండి. చేప చావడం పెద్ద విషయం కాదు, అడిగినప్పుడు నోరు పెగలకపోవడమే నామోషీ. మొదటి మూడు చస్తే “సీడు మంచిది కాదు” అనండి. తర్వాతి మూడింటికి “వైరస్” సరిపోతుంది, ఏ వైరస్ అని అడిగేవాడు మన వైపు పుట్టలేదు. ఆ పైన కరెంటోళ్లు ఉన్నారు. కరెంటు పోకపోయినా పరవాలేదు, ఓల్టేజీ అనొచ్చు. వీధిలో దోమల మందు కొట్టారనడం కూడా బాగానే నడుస్తుంది. ఏడ్చే పిల్లలకు మాత్రం వేరే చెప్పాలి. ఆటపాక గూడబాతు కిటికీలోంచి వచ్చి నీమోను ఎత్తుకుపోయిందని చెప్పి, వచ్చే ఆదివారం తీసుకెళ్లి ఆ పక్షినే చూపించండి. దాని గొంతు సంచి చూశాక పిల్లలకు అనుమానం ఉండదు. ఖర్చు ఎంతయిందని మీ ఆవిడ అడిగినప్పుడు పాత సామానుకు ఇచ్చిన డబ్బు ఒక్కటే చెప్పండి. ఐసు, చేపలు, రెండోసారి చేపలు, ఓనరుగారి సీలింగుకు వేయించిన సున్నం ఇవన్నీ నిర్వహణ కిందికి వస్తాయి.

12. చివరికి తొట్టి ఖాళీ చేసే రోజు వస్తుంది. ఆ నీళ్లను బకెట్లతో దింపి ఓనరుగారి కొబ్బరిచెట్టు మొదట్లో పొయ్యండి. కొబ్బరికి ఉప్పు మంచిదని గోదావరి జిల్లాల్లో ఎవర్నడిగినా చెబుతారు. పక్కనున్న మల్లెపాదు గురించి, కరివేపాకు మొక్క గురించి ఆ మాట ఎవరూ అనలేదు, అవి వారంలో మాడిపోతాయి. ఓనరుగారు వచ్చి నిలబడితే తొణక్కండి. “ఉప్పుటేరు ఎదురుతన్నుతోందండీ, సముద్రపు నీళ్లు కొల్లేట్లోకి వచ్చేస్తున్నాయని పేపర్లో వేస్తున్నారు కదండీ, ఏలూరు దాకా పాకినట్టుంది” అనండి. ఆయన నమ్మకపోతే బాబాయిగారి మీటరు తెచ్చి, మొక్క మొదట్లో నిలిచిన నీటి చుక్క దాని మీద వేసి ఆయనకే ఇవ్వండి. ఎన్నడూ లేనిది ఆ రోజు అది 35 చూపిస్తుంది.