ఘంటసాలవారితో ఆల్టర్నేటరు కచేరీ

తిరుమలగిరి నుండి సూర్యాపేటకు కారులో పోవుచు పాటలు వినగోరువాడు, ధాన్యపు లారీల హారనులను, స్పీడుబ్రేకరుల వద్ద డిక్కీలోని స్టెప్నీ చేయు మృదంగధ్వనిని పాటలో భాగములుగనే స్వీకరింపవలసియుండును. వానికి నేనెన్నడును విసిగియెఱుగను. కాని ఆంప్లిఫయరు బిగించిన నాటినుండి ఘంటసాలవారు ఎత్తుకొన్న ప్రతి పాటకును వెనుకనుండి ఒక సన్నని కూత తోడై, బండి నిలిచియున్నపుడు కొంత సౌమ్యముగను, ఆక్సిలరేటరు త్రొక్కినకొలది తీవ్రముగను ఆరోహణము సాగించి, గేరు మార్చినంతనే అవరోహణము గూడ శాస్త్రోక్తముగా నెరవేర్చుచుండెను.

ఉచిత సలహాలకు మన జిల్లాలో ఏనాడును కఱవు లేదు. స్పార్కుప్లగ్గులు మార్చుమని ఒక మిత్రుడు పట్టుబట్టెను. మాది డీజిలు బండి యనియు, దానికి స్పార్కుప్లగ్గులే యుండవనియు చెప్పినను అతని యుత్సాహము తగ్గలేదు. మఱియొకడు స్పీకర్ల నన్నిటిని మార్పింపజూచెను. వెనుక సీటున ఆసీనులైన మా మామగారు మాత్రము ఏ సలహాయు నీయక, కూత హెచ్చినపుడెల్ల "జర మెల్లగ పోనియ్ అల్లుడా" అని హెచ్చరించి ఊరకుండెడివారు.

ఈ కచేరీకి మూలపురుషుడు ఆల్టర్నేటరు. అది పుట్టించునది మూడు ఫేజుల ఏకాంతర విద్యుత్తు; డయోడులు దానిని ఏకముఖముగా మార్చి బ్యాటరీకి ఇంచుమించు 14 వోల్టుల చొప్పున అందించును గాని, ఆ మార్పిడిలో సన్నని యలలు మిగిలిపోవును. ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచుండగా, బెల్టు పుణ్యమున ఆల్టర్నేటరు రెండున్నర రెట్లు, అనగా 2,000 చుట్లు తిరిగెననుకొందము. పండ్రెండు ధ్రువములదైనచో చుట్టుకు 36 అలలు, సెకనుకు 1,200 అలలు. త్రొక్కినకొలది శ్రుతి పెరుగక యేమగును? ఇక ముందున్న డెక్కుకొకచోట, వెనుకనున్న ఆంప్లిఫయరుకు వేఱొకచోట ఎర్తు ఇచ్చి, ఆ రెంటి నడుమ వోల్టులో ఏ వెయ్యవవంతులో తేడా వచ్చెనా, కరెంటు ఆడియో కేబులు పైతొడుగు తీగను రాజమార్గముగా నెంచి అందుండి ప్రయాణించును. ఆంప్లిఫయరు దానికిని ఘంటసాలవారికిని సమానమర్యాద చేసి స్పీకర్లకు పంపును.

సూర్యాపేటలోని మెకానికు మితభాషి. ఇంజను ఆపి పాట పెట్టెను, కూత లేదు. ఇంజను నడుపుచు ఆంప్లిఫయరు నుండి ఆడియో కేబులు ఊడబెరికి, ఆ రంధ్రములను షార్టు చేసెను. అప్పుడును నిశ్శబ్దమే, కనుక ఆంప్లిఫయరు నిర్దోషి. పిమ్మట డిక్కీలోని చాప యెత్తి, ఎర్తు తీగ చివరి బోల్టు విప్పి చూపెను. దాని క్రింద తళతళలాడు తెల్లని పెయింటు, కంపెనీనుండి వచ్చినది వచ్చినట్లు, చెక్కుచెదరక యున్నది! "పెయింటు మీద బిగిస్తె ఎర్త్ ఎట్లయితది సార్" అనుచు ఉప్పుకాగితముతో ఉక్కు బయటపడువఱకు గీకి, బోల్టు మరల బిగించి, బ్యాటరీ తీగతో జంటగా పోవుచున్న ఆడియో కేబులును బండి రెండవ ప్రక్కకు మార్చెను. కూత సమూలముగా నశించెను. ఫిల్టరు కొనిపించుట కతనికి అవకాశముండియు కొనిపింపలేదు. ఇట్టివారు ఇంకను కలరు.

తిరుగు ప్రయాణమున ఘంటసాలవారు ఒంటరిగా, నిర్విఘ్నముగా పాడుచుండ నేను పరవశించి పోవుచుంటిని. అర్వపల్లి దాటునప్పటికి మామగారు ముందుకు వంగి, ఎన్నడును లేని కలవరముతో "గా కూత బంద్ పెట్టిచ్చినవ్, ఇగ నువ్వెంత ఉరికిస్తున్నవో నాకెట్ల తెలియాలె అల్లుడా?" అనిరి.