మబ్బుల బాబాయి

కొత్తగూడెం దాటి భద్రాచలం పోయే రోడ్డు మీద, అడవి రెండు పక్కలా దగ్గరికొచ్చే చోట, ఏ సెంటర్‌లో బస్సు దిగినా ఒక బాబాయి దొరుకుతాడు. వాన వస్తుందో రాదో చెప్పడం ఆయన ఉద్యోగం. జీతం లేదు, సెలవు లేదు, మాట తప్పినా బదిలీ లేదు.

ఏప్రిల్ ఆఖర్లో ఆయన డ్యూటీ ఎక్కుతాడు. నలభై దాటిన ఎండ, దానికి తోడు గాలిలో తేమ. చెమట పడుతుంది గానీ ఆరదు. మధ్యాహ్నం మూడు దాటాక అడవి మీద ఒక మబ్బు గుట్టలా లేస్తుంది. ఇక ఊరంతటికీ బాబాయి కావాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లు ఆరబోసినవాళ్లకి, కల్లంలో తునికాకు కట్టలు పరిచినవాళ్లకి, మామిడితోట గుత్తకు పట్టినవాడికి, అందరికీ ఒకటే ప్రశ్న.

"బాబాయ్, పరదా కప్పమంటవా?"

వెంటనే చెబితే ఆయన బాబాయి ఎందుకవుతాడు? టీ గ్లాసు పక్కన పెడతాడు. గాలి వాసన చూస్తాడు. తీగ మీద కాకులెటు తిరిగి కూర్చున్నాయో చూస్తాడు. ఆకాశం వంతు ఆఖర్న వస్తుంది.

"కప్పితే మంచిదే. కప్పకుంటే నీ ధైర్యం."

వాన పడితే "చెప్పిన్నా లేదా?" పడకపోతే "ధైర్యం చేసినవ్, భేష్!" ఈ జోస్యం ఓడిపోయే దారి ఎక్కడైనా ఉందేమోనని నేను చాలా వెతికాను. లేదు.

పాల్వంచ బాబాయికైతే సొంత పరికరాలు కూడా ఉండేవి. పాత కేటీపీఎస్ కరెంటు ప్లాంటు కూలింగ్ టవర్ల అంచు మసకబారితే గంటలో వాన, తేటగా కనబడితే రేపటి మాట. 2024 ఆగస్టులో ఆ ఎనిమిది టవర్లనూ కూల్చేసినప్పుడు జనం సెల్‌ఫోన్లు పట్టుకుని వేడుక చూశారు. బాబాయి మాత్రం "నా ఆఫీసు పడగొట్టిన్రు" అని రెండు రోజులు ఎవరికీ వాన చెప్పలేదు.

బేగంపేట వాతావరణ కేంద్రమంటే ఆయనకు చిన్నచూపు. వాళ్ల మాటలు వాడుకోవడానికి మాత్రం మొహమాటం లేదు. ముఖ్యంగా "అక్కడక్కడ". శాఖవాళ్లకు దానికో లెక్కుంది: వాన నమోదైన కేంద్రాలు నూటికి ఇరవై అయిదు మించకపోతే అక్కడక్కడ, యాభై దాకా అయితే కొన్నిచోట్ల, డెబ్బై అయిదు దాకా అయితే చాలాచోట్ల. బాబాయికి ఆ లెక్క అక్కర్లేదు. తన వీధి తడవకపోతే పక్క ఊరు తడిసి ఉంటుందన్న భరోసా చాలు.

న్యాయంగా చెప్పాలంటే శాఖవాళ్ల కష్టమూ తక్కువది కాదు. ఎండాకాలం మబ్బు గంటలో పుట్టి గంటలో సచ్చే సరుకు. వెడల్పు నాలుగూళ్లు ఉంటే ఎక్కువ. అది పైకి లేచాక గానీ రాడార్‌కు చిక్కదు. అందుకే దాని మీద వాళ్లిచ్చే తక్షణ హెచ్చరిక మూడు గంటలకు మించదు. రంగుల హెచ్చరికేమో జిల్లా మొత్తానికి ఒకటే. చర్లలో పిడుగులు పడుతుంటాయి, అశ్వారావుపేట ఆయిల్‌పామ్ తోటలో ఆకు కదలదు. ఇద్దరిదీ ఒకే భద్రాద్రి కొత్తగూడెం, ఒకే ఆరెంజ్ అలర్ట్. అశ్వారావుపేట బాబాయి ఆ సాయంత్రం టీ కొట్టు వైపు రాడు.

ఒక్క విషయంలో మాత్రం ఈ జాతి మొత్తం ఖచ్చితం. ఉరుము వినబడిందంటే బాబాయి కాకుల్ని చూడడు, మాట సాగదీయడు. చెట్టు కింద చేరిన మేకల కాపరిని తిట్టి, చెయ్యి పట్టి లాక్కొచ్చి ఇంట్లో కూర్చోబెడతాడు. ఆ తిట్లు ఇక్కడ రాయలేను.

ఇంతటివాడికీ 2025 మేలో పెద్ద చిక్కొచ్చిపడింది. 25న రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు కాస్తాయని నెల ముందు నుంచే ఊరిని బెదిరించి పెట్టాడు. నైరుతి రుతుపవనాలు చూస్తే 24నే కేరళను తాకి, 26కల్లా తెలంగాణలో కాలుపెట్టాయి. రోహిణి వచ్చిన మర్నాడే! టీ కొట్టు దగ్గర జనం చేరారు. ఈసారి బాబాయి ఎలా తప్పించుకుంటాడో చూద్దామని చేలకు పోవలసినవాళ్లూ ఆగారు.

"రోహిణి తప్పలేదురా. నైరుతే పంచాంగం చూసుకోకుండ బయల్దేరింది."

అంతటితో ఆగలేదు. వానలొచ్చాయి కాబట్టి మృగశిర వచ్చినట్టేనని తీర్మానించి, ఆ పూటే కొర్రమీను తెప్పించి పులుసు పెట్టించాడు. జూన్ 8న అసలు మృగశిర వచ్చింది, చేపల ధర చెట్టెక్కింది. బాబాయి మళ్లీ సంచీ పట్టుకుని బయల్దేరాడు.

"మొన్న తిన్నవు గద బాబాయ్?"

"అది వాతావరణ శాఖ లెక్క. ఇది మన లెక్క."