టిమ్స్ కాఫీకి తెనాలి సబ్సిడీ

కెనడాలో కనీస వేతనం ఎంతని ఒట్టావాలో అడిగితే ఒక్కో రాష్ట్రానికి ఒక్కో అంకె చెబుతారు. తెనాలిలో అడిగితే ఒక్కటే చెబుతారు, గంటకు వెయ్యి తొంభై రూపాయలని. ఒంటారియోలో 2025 అక్టోబరు నుంచి గంట కూలి 17 డాలర్ల 60 సెంట్లు. డాలరు అరవై రెండు రూపాయలనుకుని హెచ్చవేస్తే అంతే వస్తుంది, లెక్కలో తప్పేమీ లేదు. "కప్పులు కడిగినా గంటకు వెయ్యి. మన ఊళ్లో రోజంతా నడుం వంచినా వస్తాయా?" అంటాడు అరుగు మీద పెద్దమనిషి. రావు, ఒప్పుకోవాలి. ఆ కప్పులు కడిగేవాడికి అద్దె తెనాలి లెక్కన కట్టి, ఉల్లిపాయలు బోసు రోడ్డులో కొనుక్కొచ్చుకునే వీలు కూడా ఉంటే ఈ హెచ్చవేతకు తిరుగే లేదు.

విద్యార్థి వీసా మీద వెళ్లినవాడు చదువు జరుగుతున్నప్పుడు కాలేజీ బయట వారానికి 24 గంటలకు మించి పని చెయ్యకూడదు. నాలుగు వారాలకు పదిహేడు వందల డాలర్ల లోపే. మళ్లీ హెచ్చవేయండి, లక్ష దాటుతుంది. కొడుకు నెలకు లక్ష సంపాదిస్తున్నాడని పెళ్లిళ్లలో చెప్పుకోవచ్చు. ఆ లక్షకి టొరంటోలో ఒక పడకగది ఇల్లు అద్దెకు రాదు. అందుకే టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఎవరి ఇంటి కిందో బేస్‌మెంట్‌లో, పరుపుకి పరుపు తగిలేలా, షిఫ్టుల వారీగా నిద్రపోతుంటారు. ఈ భాగాన్ని వాట్సాప్ వీడియో కాల్‌లో కెమెరా పక్కకు తిప్పి చూపించరు.

ఒంటారియో లివింగ్ వేజ్ నెట్‌వర్క్ అనే సంస్థ ఏటా ఇంకో లెక్క వేస్తుంది. మనిషి అప్పు చెయ్యకుండా, ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా బతకడానికి గంటకు ఎంత రావాలని. 2024లో టొరంటో ప్రాంతానికి 26 డాలర్లని తేల్చింది. అదే ఏడాది చట్టం ఇప్పించిన కనీస కూలి 17 డాలర్ల 20 సెంట్లు. మధ్యలో 8 డాలర్ల 80 సెంట్ల గొయ్యి. మనుషులు రోజూ ఆ గోతిలో దిగి కూడా మర్నాడు పొద్దున్నే లేచి పనికొస్తున్నారంటే, ఆ ఎనిమిది డాలర్ల ఎనభై సెంట్లు ఎవరో ఒకరు పెట్టుకుంటున్నారన్నమాట. యజమాని కాదు. కెనడా ప్రభుత్వమూ కాదు. విద్యార్థుల వరకు అడిగితే, పెట్టుకుంటున్నది కొడుకును అక్కడికి పంపిన, తెనాలి పక్కన రెండెకరాల రైతు. కెనడా అంతటా ఉండే టిమ్ హార్టన్స్ దుకాణాల్లో కాఫీ అంత చవగ్గా దొరకడానికి కారణం ఆయన. ఈ సంగతి ఆయనకు తెలియదు. తెలిస్తే కనీసం ఒక కప్పు ఉచితంగా అడిగేవాడు.

కెనడాను తిట్టేవాళ్లతో నేను గొంతు కలపలేను. ఇంత తెలివైన ఏర్పాటును తిట్టడానికి మనసు రాదు. పూర్వం దొరలు పనివాణ్ణి ఓడెక్కించి తీసుకుపోయి, అక్కడ తిండి పెట్టేవాళ్లు, అరకొరగానైనా. ఇప్పుడు పనివాడే టికెట్టు కొనుక్కుని, తన తిండి ఖర్చు తనే ముందుగా జమ చేసి మరీ వస్తాడు. చదువుకోవడానికి వచ్చేవాడు ఏడాది బతకడానికి సరిపడా సొమ్ము తన దగ్గరుందని చూపాలి. మనవాళ్లలో చాలామంది ఆ సొమ్మును విమానం ఎక్కకముందే కెనడా బ్యాంకులో కడతారు, జీఐసీ అని. వచ్చాక బ్యాంకు దాన్ని నెలనెలా వాయిదాల్లో తిరిగి ఇస్తుంది. ఒకప్పుడు ఇది 10,000 డాలర్లు. 2024 జనవరి 1 నుంచి 20,635 అయింది. ఇక్కడ చేసే పార్ట్ టైమ్ పనితో మీవాడు బతకలేడని ఆ దేశం దాచుకోవడం లేదు, దరఖాస్తులోనే చెబుతోంది. వినకుండా హెచ్చవేస్తున్నది మనమే.

ఫీజు వేరే. 2019లో ఒంటారియో ప్రభుత్వం తన పిల్లల ఫీజులను పది శాతం తగ్గించి అక్కడే బిగించింది. కాలేజీలు ఏం తిని బతకాలి? 2021లో ఆ రాష్ట్ర ఆడిటర్ జనరల్ లెక్క తీస్తే, ప్రభుత్వ కాలేజీల్లో విదేశీ విద్యార్థులు ముప్పై శాతం, ఫీజుల రాబడిలో వాళ్ల వాటా 68 శాతం. కిచెనర్‌లోని కోనెస్టోగా కాలేజీకి 2023-24లో మిగులు 252 మిలియన్ డాలర్లు. లాభాపేక్ష లేని సంస్థే సుమా! 2018లో విదేశీ విద్యార్థుల వల్ల దేశానికి 22 బిలియన్ డాలర్లు వచ్చాయనీ, కారు విడిభాగాల ఎగుమతుల కన్నా, కలప ఎగుమతుల కన్నా ఎక్కువనీ ఒట్టావా గర్వంగా చెప్పుకుంది. మన పిల్లలు దుంగల సరసన లెక్కకొచ్చారు. తేడా ఒక్కటే, దుంగ రాత్రి షిఫ్టు చెయ్యదు.

ఆ రాత్రి షిఫ్టు కథ ఇంకా బాగుంటుంది. 2022లో కెనడా వ్యాపారులకు పెద్ద కష్టం వచ్చిపడింది, పనివాళ్ల కొరత. సంతలో సరుకు దొరక్కపోతే ఇంకో రూపాయి ఎక్కువిచ్చి కొంటాం, మనకు తెలిసిన అర్థశాస్త్రం అది. ధర పెంచకుండా సంతనే పెంచుకోవడం కెనడా అర్థశాస్త్రం. ఆ ఏడాది ఏప్రిల్‌లో, తక్కువ జీతానికి తెచ్చుకునే తాత్కాలిక విదేశీ కార్మికుల పరిమితిని సిబ్బందిలో పది శాతం నుంచి ఇరవైకి, హోటళ్ల లాంటి కొన్ని రంగాల్లో ముప్పైకి పెంచారు. నవంబరులో విద్యార్థుల మీద ఉన్న ఇరవై గంటల హద్దు ఎత్తేశారు. మొన్నటిదాకా ఇరవై ఒకటో గంట పని చేస్తే వీసా పోయేంత నేరం. ఆ మర్నాటి నుంచి అదే ఇరవై ఒకటో గంట దేశసేవ. 2024 ఏప్రిల్ ఆఖరుకి కొరత తీరింది, హద్దు మళ్లీ వచ్చింది, పిల్లలకు చదువు ముఖ్యమన్న సంగతి మంత్రులకు మళ్లీ జ్ఞాపకం వచ్చింది.

జీతం నిజంగా పెంచితే ఏమవుతుందో కూడా ఆ దేశం చూసింది. ఒంటారియోలో 2018 జనవరి 1న కనీస వేతనం 11 డాలర్ల 60 సెంట్ల నుంచి ఒక్కసారిగా 14 అయింది. కోబర్గ్ అనే చిన్న ఊళ్లో ఒక టిమ్ హార్టన్స్ ఉంది. ఆ కంపెనీని నిలబెట్టిన ఇద్దరిలో ఒకరి కొడుకు, ఇంకొకరి కూతురు పెళ్లాడి నడుపుతున్న దుకాణం. వియ్యపురాలి తాంబూలంలా పనివాళ్లకు కొత్త సంవత్సరం ఉత్తరం వచ్చింది. ఇకపై టీ విరామానికి జీతం ఉండదు, ఆరోగ్య బీమా ఖర్చులో సగమో ముప్పాతికో మీరే కట్టుకోవాలి అని. యజమానులు ఆ సమయానికి ఫ్లోరిడాలో ఎండ కాచుకుంటున్నారని పత్రికలు రాశాయి. అప్పటి ముఖ్యమంత్రి కాథ్లీన్ విన్ ఇది దౌర్జన్యమన్నారు. హెడ్డాఫీసు వారు ఇదంతా కొందరు దుందుడుకు ఫ్రాంచైజీల పని, మాకు సంబంధం లేదన్నారు. అదే ఏడాది ప్రభుత్వం మారింది. డగ్ ఫోర్డ్ వచ్చి, మరుసటి జనవరిలో రావలసిన పదిహేనో డాలరును ఆపి, జీతంతో కూడిన రెండు రోజుల సెలవును కూడా తీసేశారు. ఆ పదిహేనో డాలరు ఊరంతా తిరిగి 2022లో ఇంటికొచ్చింది.

కరోనా వచ్చినప్పుడు సరుకుల కొట్ల పనివాళ్లు హీరోలయ్యారు. లోబ్లా, మెట్రో, సోబీస్ గొలుసు దుకాణాలు గంటకు రెండు డాలర్లు అదనంగా ఇచ్చాయి. 2020 జూన్ మధ్యలో మూడూ ఒక్కసారే ఆపేశాయి, కరోనా ఇంకా అక్కడే ఉండగా. ఎలా కుదిరిందని పార్లమెంటు కమిటీ పిలిచి అడిగితే, ఆపే ముందు పోటీదారులకు మర్యాదకి ఒక ఈమెయిల్ పంపామని లోబ్లా అధ్యక్షురాలు చెప్పారు. మర్యాదస్తులు! రొట్టె ధర విషయంలోనూ పద్నాలుగేళ్లు ఇలాగే ఇతరులతో కూడబలుక్కున్నామని అదే కంపెనీ 2017లో ఒప్పుకుని, కొన్నవాళ్లకు 25 డాలర్ల కార్డు చేతిలో పెట్టింది. హీరోలేమో మూడు నెలలకే మళ్లీ క్యాషియర్లయ్యారు. కౌంటర్ దగ్గర ఫుడ్ బ్యాంకు డబ్బా ఉంటుంది. కొనేవాడు అందులో రెండు పప్పు డబ్బాలు వేస్తాడు. బిల్లు కొట్టిన అమ్మాయి షిఫ్టయ్యాక ఎక్కడికెళ్తుందో మనకెందుకు?

పోనీ చెప్పేస్తాను. ఫుడ్ బ్యాంక్స్ కెనడా లెక్కన 2025 మార్చి ఒక్క నెలలో దేశంలోని ఫుడ్ బ్యాంకులకు జనం దాదాపు 22 లక్షల సార్లు వచ్చారు, 2019 మార్చికి రెట్టింపు. అక్కడికొచ్చేవాళ్లలో అయిదుగురికి ఒకరు చొప్పున ఉద్యోగం ఉన్నవాళ్లే. మొదటి ఫుడ్ బ్యాంకు 1981లో ఎడ్మంటన్‌లో పెట్టినప్పుడు, కష్టకాలం గడిచేదాకా నడిపి మూసేద్దామనుకున్నారు. ఇంకోవైపు, కెనడియన్ సెంటర్ ఫర్ పాలసీ ఆల్టర్నేటివ్స్ వాళ్ల లెక్క చూడండి. సగటు కార్మికుడు ఏడాదంతా కష్టపడి తెచ్చుకునేదాన్ని, పెద్ద జీతాల వంద మంది సీఈవోలలో సగటు మనిషి 2025 జనవరి 2 ఉదయం 10 గంటల 54 నిమిషాలకల్లా సంపాదించేశాడు. పదకొండు గంటల కాఫీ విరామం ఆయనకు జీతంతోనే.

మనవాళ్లు ఈ క్యూలో కూడా సరిగా నిలబడలేకపోయారు. 2023 నవంబరులో బ్రాంప్టన్‌లో ఒక ఫుడ్ బ్యాంకు విదేశీ విద్యార్థులకు ఇవ్వబోమంది. మరుసటి ఏడు గ్రేటర్ వాంకూవర్ ఫుడ్ బ్యాంకు మొదటి ఏడాది విదేశీ విద్యార్థులను రావద్దంది. తర్కం చక్కగా ఉంది. డబ్బుందని చూపించే కదా వీసా తీసుకున్నావు, మరి ఆకలెందుకు వేసింది?

ఇక మన పెద్దలు. పాతికేళ్ల కిందట వెళ్లి ఇళ్లు కొనుక్కున్న అన్నలు. "మేం వచ్చినప్పుడు గంటకు ఏడు డాలర్లు కూడా లేవు తమ్ముడూ, కష్టపడ్డాం, పైకొచ్చాం" అంటారు. నిజమే, 1995 నుంచి 2004 దాకా ఒంటారియోలో కనీస వేతనం 6 డాలర్ల 85 సెంట్ల దగ్గరే నిలబడిపోయింది. ఆ అన్నల్లో ఎవరినైనా ఆ రోజుల్లో ఆయన కట్టిన అద్దె ఎంతో అడిగితే మాట మారుస్తారు. ఇప్పుడు ఆయన బేస్‌మెంట్‌లోని నాలుగు పరుపుల అద్దె పై అంతస్తు ఈఎంఐలో భాగం కనక, కుర్రాళ్ల కష్టం మీద ఆయనకు అపారమైన నమ్మకం. ఉగాదికి తెలుగు సంఘం వేదిక మీద, వలసవాసుల విజయగాథ గురించి మాట్లాడతారు. వెనక హాల్లో విస్తళ్లు తీసే కుర్రాళ్లు వాలంటీర్లు. వాలంటీరుకి కనీస వేతన చట్టం వర్తించదు.

చట్టం వర్తించని చోట్లు ఇంకా ఉన్నాయి. 24 గంటలు దాటాక చేసే పనికి చేతికి నగదిస్తారు, కనీస కూలి కంటే తక్కువే. ఎవరికి చెబుతాడు, చెబితే పోయేది తన వీసాయే కదా! చదువయ్యాక అక్కడే ఉండిపోవడానికి చాలామంది ఎల్‌ఎంఐఏ అనే కాగితం కోసం వెతుకుతారు. ఈ ఉద్యోగానికి స్థానికుడు దొరకలేదని ప్రభుత్వం ఒప్పుకునే కాగితమది. యజమాని కట్టవలసింది 1,000 డాలర్లు, దాన్ని పనివాడి దగ్గర వసూలు చెయ్యడం నేరం. అందుకే వెయ్యి వసూలు చెయ్యరు, పదివేలల్లో చేస్తారు. కూలి ఇవ్వాల్సినవాడే కూలి తీసుకునే ఈ పద్ధతి వల్ల పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, పాయింట్లు కూడా వచ్చేవి, 2025 మార్చిలో తీసేసేదాకా. ఆ కాగితం మీద వచ్చే, పనివాణ్ణి ఒకే యజమానికి కట్టేసే పర్మిట్ల వ్యవస్థ ఆధునిక బానిసత్వానికి పుట్టిల్లని ఐక్యరాజ్యసమితి ప్రతినిధి టొమోయా ఒబొకాటా 2023లో వచ్చి చూసి చెప్పారు. కెనడా నొచ్చుకుంది. మర్యాదగల దేశంలో ఎవరైనా అలాంటి మాటలంటారా?

2024లో గాలి తిరిగింది. విద్యార్థి వీసాలకు కోత పడింది, ఆగస్టులో తాత్కాలిక కార్మికుల పరిమితిని మళ్లీ పది శాతానికి దించుతామన్నారు. అద్దెలు పెరిగింది వీళ్ల వల్లే అన్న మాట ఊరంతా పాకింది. పరుపుకి అయిదారు వందలు కడుతున్నవాడు అద్దెలు పెంచేశాడట! అంతకుముందే 2023 డిసెంబరులో అప్పటి వలసల శాఖ మంత్రి మార్క్ మిల్లర్, కొన్ని కాలేజీలు కుక్కపిల్లల ఫారాల్లా డిప్లొమాలు ఈనుతున్నాయని కోప్పడ్డారు. ఆ ఫారాలకు గుర్తింపు ఇచ్చింది రాష్ట్రాలు, అందులోకి వీసాలిచ్చింది ఆయన శాఖే. కోప్పడిన ఆ రోజే జీఐసీ సొమ్ము రెట్టింపు చేస్తున్నట్టు కూడా ప్రకటించారు. తప్పు చేసింది కాలేజీ, జరిమానా తెనాలికి.

2025 సెప్టెంబరు నుంచి ఆ సొమ్ము ఇంకోసారి పెరిగి 22,895 డాలర్లయింది. ఈసారి పెంపు 2,260 డాలర్లే. మనకు వచ్చిన లెక్కే కనక హెచ్చవేద్దాం, లక్షా నలభై వేల రూపాయలు. అమీర్‌పేటలో కన్సల్టెన్సీ కుర్రాడు మాత్రం కంగారు పడొద్దంటున్నాడు. "మొదటి ఏడాదే అంకుల్ మీరు చూసుకోవాల్సింది. అక్టోబరులో అక్కడ గంటకు నలభై సెంట్లు పెంచారు కూడా."