క్యూబు పాసు, కట్టడం ఫెయిలు

మహారాష్ట్ర తీరాన మాల్వణ్ ఊళ్ళో, రాజ్‌కోట్ కోట మీద నిలబెట్టిన 35 అడుగుల ఛత్రపతి శివాజీ విగ్రహం 2024 ఆగస్టు 26 మధ్యాహ్నం కూలిపోయింది. అప్పటికి దానికి తొమ్మిది నెలలు కూడా నిండలేదు. 2023 డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, సాక్షాత్తూ ప్రధానమంత్రి ఆవిష్కరించిన విగ్రహం అది. పని నడిపించింది నౌకాదళం, డబ్బులిచ్చింది రాష్ట్ర ప్రభుత్వం. కూలిన కాసేపటికే ముఖ్యమంత్రి గారు కారణం కనిపెట్టేశారు. గంటకు 45 కిలోమీటర్ల వేగంతో గాలి వీచిందట!

నలభై అయిదు! విశాఖ బీచ్ రోడ్డు మీద ఆ వేగంతో స్కూటరు నడిపితే వెనకాల కూర్చున్న ఇల్లాలు "కాస్త తొందరగా పోనివ్వండి, సినిమా మొదలైపోతుంది" అంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలిని చూసిన ఊరది. అక్కడివాళ్ళకు 45 చెప్పి ఒప్పించడం కష్టం.

సముద్రపు ఒడ్డున గాలి వీస్తుందన్న సంగతి శివాజీకి మాత్రం ముందే తెలిసినట్టుంది. రాజ్‌కోట్ మీంచి చూస్తే ఎదురుగా నీళ్ళలో సింధుదుర్గం కనిపిస్తుంది. 1664లో ఆయన పని మొదలుపెట్టించిన కోట. పునాది రాళ్ళను కరిగించిన సీసంతో బిగించారని చెబుతారు. మూడున్నర శతాబ్దాలకు పైగా అరేబియా సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి వచ్చి తనిఖీ చేసిపోతోంది, ఇంతవరకు పెద్దగా అభ్యంతరం పెట్టలేదు. ఆయన కట్టిన కోట నిలిచింది. ఆయనకు మనం కట్టిన బొమ్మ పడింది.

అయితే ఎవరూ చూడలేదా అంటే, అయ్యో, చూడకేం! విగ్రహం కూలడానికి ఆరు రోజుల ముందు, ఆగస్టు 20న, రాష్ట్ర పీడబ్ల్యూడీ ఇంజనీరొకరు నట్లు, బోల్టులు తుప్పు పట్టాయని నౌకాదళానికి ఉత్తరం రాశారు. ఉత్తరానికి తుప్పు పట్టలేదు. రాష్ట్ర కళా సంచాలకుడేమో తాము ఆమోదించింది ఆరడుగుల మట్టి నమూనాను మాత్రమేనని, అది 35 అడుగులు అవుతుందని తమకెవరూ చెప్పలేదని అన్నారు. ఆయన మాట న్యాయమే. ఆయన ఆమోదించిన ఆరడుగుల నమూనా కూలలేదు కదా! కట్టింది నౌకాదళం అని రాష్ట్రం అంది. రాష్ట్రంతో సమన్వయం చేసుకునే కట్టామని నౌకాదళం అంది. శిల్పి, స్ట్రక్చరల్ కన్సల్టెంటు అరెస్టయ్యారు. ప్రధాని క్షమాపణ చెప్పారు. ఎవరి కాగితం వాళ్ళ దగ్గర భద్రంగా ఉంది. తప్పంతా బోల్టుదే.

అందుకే, సైనిక కట్టడాల్లో నాణ్యత తనిఖీ జరగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. జరుగుతుంది. కావలసినదానికంటే ఎక్కువే జరుగుతుంది. కాకపోతే తనిఖీ జరిగేది కాగితానికి. కాగితం ఎన్నడూ ఫెయిలవదు.

మా వీధి చివర రిటైరైన సూపర్వైజరు గారొకరున్నారు. కంటోన్మెంటు పనుల్లోనే జుట్టు నెరిసింది. ఏ ఊరి కంటోన్మెంటో చెప్పను, ఆయన పింఛను మీద నాకు గౌరవం ఉంది. "మాస్టారూ, అసలు నాణ్యత ఎలా చూస్తారండీ?" అని అడిగితే, "క్యూబులు పోస్తాం నాయనా" అన్నారు.

పుస్తకంలో ఉన్న పద్ధతి ముందు చెప్పారు. స్లాబు పోస్తున్న కాంక్రీటులోంచే కొంత తీసి, 15 సెంటీమీటర్ల ఇనప అచ్చుల్లో నింపాలి. మూడు పొరలుగా నింపి, పొరకు 35 పోట్ల చొప్పున కడ్డీతో కూరాలి. మర్నాడు అచ్చు విప్పి నీళ్ళతొట్టిలో వేయాలి. ఏడు రోజులకు కొన్ని, 28 రోజులకు కొన్ని బయటికి తీసి, మిషన్లో పెట్టి నలగ్గొట్టాలి. ఎం-25 కాంక్రీటయితే చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల బరువుకు తగ్గకుండా ఓర్చుకోవాలి. ఇందులో వంక పెట్టడానికేం లేదు.

"మరి సైట్లో?"

"సైట్లో క్యూబుల మాలు వేరే కలుపుతారు నాయనా. తట్టకి రెండు దోసిళ్ళ సిమెంటు ఎక్కువ పడుతుంది. కూరడానికి ఉన్నవాళ్ళలోకి ఒళ్ళొంచే కుర్రాణ్ణి పెడతారు. ఆ తొట్టి చూడాలి నువ్వు! నీడపట్టున ఉంటుంది, నీళ్ళు మారుస్తారు, ఎండ పొడ తగలనివ్వరు. పక్కనే స్లాబు మీద గోనెపట్టాలు పరిచి ఉంటాయి. వాటికి దాహమేస్తే మాత్రం పెద్ద సారు జీపు గేటు దగ్గర కనపడేదాకా ఆగాలి."

"క్యూబు ఎప్పుడైనా ఫెయిలైందాండీ?"

"నా సర్వీసులో చూళ్ళేదు. స్లాబంటావా, దాన్ని మిషన్లో పెట్టలేం కదా!"

అది విన్నాక నాకు ధైర్యం వచ్చింది. దేశంలో అత్యంత దృఢమైన కట్టడాలు మనకున్నాయి. ఒక్కొక్కటి 15 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. జవాను భార్యాబిడ్డలతో సహా అందులో దూరగలిగితే ఇక ఢోకా లేదు.

ఆ తర్వాత సంతకాల వరస. జేఈ, అంటే జూనియర్ ఇంజనీరు, గోడ చూస్తాడు. ఏజీఈ, అంటే అసిస్టెంట్ గ్యారిసన్ ఇంజనీరు, జేఈ సంతకం చూస్తాడు. గ్యారిసన్ ఇంజనీరు ఏజీఈ సంతకం చూస్తాడు. పైకి వెళ్ళేకొద్దీ గోడ కనుమరుగవుతుంది, సంతకాలు మాత్రం స్పష్టంగా కనిపిస్తాయి. తూకం గుండు, రసమట్టం మేస్త్రీ సంచి దాటి మెట్లెక్కిన దాఖలా లేదు. పెద్ద సారు స్వయంగా వచ్చే రోజున దారి పక్క రాళ్ళకు జాజు, చెట్ల మొదళ్ళకు సున్నం, గోడ బీటకు లప్పం పడతాయి. సారు వచ్చి చెట్లు చూసి సంతోషిస్తారు.

ఇదంతా మన దేశపు జాడ్యమనీ, తెల్లదొరల దగ్గర ఇలా జరగదనీ నిట్టూర్చే పెద్దలు కొందరున్నారు. వాళ్ళ కోసం అమెరికా సైన్యం సంగతి చెప్పాలి.

అక్కడి ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ దగ్గర ఈ విద్యకు పెద్ద శాస్త్రమే ఉంది. క్వాలిటీ కంట్రోల్ కాంట్రాక్టరు పని, క్వాలిటీ అస్యూరెన్స్ ప్రభుత్వం పని. అంటే, తాళాలు కాంట్రాక్టరు చేతికే ఇచ్చి, తలుపు సరిగ్గా వేస్తున్నాడా లేదా అని చూడ్డానికి దొర ఇంకొకణ్ణి పెడతాడు. పని మొదలుకాకముందు ఒక దశ, మొదలైన రోజున ఒక దశ, నడుస్తున్నంత కాలం ఒక దశ, మొత్తం మూడు దశల తనిఖీ. ప్రతిదానికీ రిపోర్టు, లోపాలకు వేరే జాబితా. చదువుతుంటే కడుపు నిండిపోతుంది.

ఇంత శాస్త్రం తెలిసిన సైన్యం 2012లో అఫ్ఘానిస్తాన్‌లో ప్రత్యేక పోలీసుల శిక్షణకని ఒక మాదిరి ఊరు కట్టించింది. ఆ పని ఒప్పజెప్పింది సైన్యంలోనే వేరే కాంట్రాక్టు విభాగం. కొట్టం, గోడ, గుమ్మం అన్నీ ఊళ్ళో ఉన్నట్టే ఉంటాయి. ఇంట్లో నక్కినవాణ్ణి ఎలా పట్టుకోవాలో తూటాలు లేకుండా అక్కడ సాధన చేయాలి. ఖర్చు 4,56,669 డాలర్లు. అక్టోబరుకల్లా పూర్తయింది. నాలుగు నెలలు తిరక్కుండానే వానకు గోడలు కరగడం మొదలైంది. ఇటుకల్లో బంకమట్టి తక్కువ, ఇసుక ఎక్కువ. నీళ్ళు లోపలికి దిగగానే ఎక్కడి ఇసుక అక్కడ జారిపోయింది. కాస్త ఓపిక పడితే ఇల్లే కరిగిపోయి లోపలివాడు బయటపడతాడనే కొత్త యుద్ధతంత్రం అమెరికావాళ్ళు అలా కనిపెట్టారు.

ఇక డబ్బు సంగతి. కాంట్రాక్టరుకు బిల్లు పూర్తిగా చెల్లించారు. కట్టింది బాగుచెయ్యమని అతన్ని నిలదీయనూ లేదు. చివరికి అఫ్ఘాన్ ప్రభుత్వమే తన డబ్బుతో కూలగొట్టించి మళ్ళీ కట్టించుకుంది. అఫ్ఘాన్ పునర్నిర్మాణం లెక్కలు చూడ్డానికి అమెరికా నియమించిన ప్రత్యేక ఇన్‌స్పెక్టర్ జనరల్ జాన్ సోప్కో కార్యాలయం 2015లో ఈ కథంతా రిపోర్టుగా రాసింది. గోడ కరిగినా రిపోర్టు కరగలేదు. ఇప్పటికీ గట్టిగా ఉంది.

అదే సోప్కో బయటపెట్టిన మరో సంగతి నాకు ఇంకా ఇష్టం. అఫ్ఘాన్ సైన్యం కోసం కట్టిన వందల భవనాల్లో వేడి, చలి ఆగడానికని కప్పుల లోపల ఒక రకం నురగ కొట్టించారు. ఆ నురగ అగ్నిభద్రత నియమాలకు సరిపోదు. 2012 చివర్లో అలాంటి భవనాలు కొన్ని తగలబడ్డాయి కూడా. మరి మిగతావి విప్పి మార్చారా అంటే, చాలావాటిని ఉన్నవి ఉన్నట్టే ఉంచడానికి 2014 జనవరిలో కోర్ ఉన్నతాధికారి ఒకరు ఒప్పుకున్నారు. ఆయన మెమోలో చెప్పిన కారణాల్లో ఒకటి ఇది: ఇందులో ఉండేవాళ్ళు వయసులో ఉన్న దృఢమైన సైనికులు, మంటలు లేస్తే చప్పున బయటికి పరుగెత్తగలరు. ఆ భవనాల్లో వైద్యశాలలూ ఉన్నాయి. రోగులు కూడా పడుచువాళ్ళే అయివుంటారని అనుకోవాలి.

నాణ్యతాశాస్త్రంలో దీన్ని మించిన మలుపు లేదు. కట్టడం పరీక్షలో తప్పితే కట్టడాన్ని మార్చాలని ఇన్నాళ్ళూ అనుకున్నాం. అవసరం లేదు, లోపల ఉండేవాణ్ణి పరీక్షలో పాస్ చేయిస్తే చాలు. కప్పు కురిస్తే జవానుకు ఈత నేర్పాలి. మెట్లు విరిగితే పర్వతారోహణ కోర్సుకు పంపాలి. పెచ్చులూడితే నిద్రలో కూడా హెల్మెట్ తీయొద్దని ఉత్తర్వు వేయాలి. ఖర్చు తక్కువ, ఫలితం శాశ్వతం.

అమెరికావాళ్ళకు గట్టిగా కట్టడం చేతకాదని మాత్రం పొరబడకండి. హెల్మండ్‌లోని క్యాంప్ లెదర్‌నెక్‌లో 64,000 చదరపు అడుగుల కమాండ్ భవనం కట్టారు. ఖర్చు 3.6 కోట్ల డాలర్లు. అఫ్ఘానిస్తాన్‌లో తాను చూసిన వాటిలో ఇంత చక్కగా కట్టిన భవనాలు అరుదని సోప్కో మెచ్చుకున్నాడు కూడా. లోపం ఒక్కటే. మాకొద్దని అక్కడి సైన్యాధికారులే 2010లో చెప్పారు. పైవాళ్ళు వినకుండా కట్టించారు. కట్టినందుకైనా ఒక్కరూ అందులో కూర్చోలేదు. మనుషులు వాడే కట్టడాల్లో ఒకటి కరిగింది, మిగతావి మంటలకు సిద్ధంగా నిలిచాయి. మనుషులెవరూ ఉండని భవనం నిక్షేపంగా నిలిచింది. నాణ్యత ఎవరి కోసమో ఇంతకంటే తేటగా చెప్పేవాళ్ళుండరు.

ఈ నవ్వులాట కాస్త పక్కన పెడితే, ఇంటికొకరు చొప్పున సైన్యానికి పంపిన మిలిటరీ మాధవరం లాంటి ఊరు మనకుంది. అలాంటి ఊరి కుర్రాడు సరిహద్దులో కాపలా కాసి వచ్చి వెన్ను వాల్చే కప్పు గురించి మనం మాట్లాడుకుంటున్నాం. ప్రైవేటు అపార్టుమెంట్లో గోడ బీట వారితే మనం బిల్డరు ఆఫీసు ముందు టెంటు వేస్తాం, రెరాకు వెళతాం, టీవీవాళ్ళను పిలుస్తాం. జవానుకు క్వార్టరు ఉత్తర్వు మీద వస్తుంది. చెమ్మెక్కిన గోడకు ఆనకుండా బీరువా జరుపుకుంటాడు, బీట కనపడకుండా దేవుడి క్యాలెండరు తగిలిస్తాడు, కారే చోట బకెట్టు పెడతాడు. కంప్లైంటు పుస్తకంలో రాస్తాడు. మరమ్మతు రాకముందే బదిలీ వస్తుంది. తర్వాత వచ్చినవాడు మళ్ళీ మొదటి పేజీ నుంచి రాయడం మొదలుపెడతాడు. ఇన్ని సంతకాలున్న ఫైల్లో లేనిదల్లా ఆ కప్పు కింద పడుకునేవాడి సంతకమే.

మాల్వణ్‌లో ఆ తర్వాత 60 అడుగుల కొత్త విగ్రహం లేచింది, 2025 మేలో ఆవిష్కరించారు. ఈసారి కనీసం వందేళ్ళు నిలవాలని టెండరులోనే రాసుకున్నారు. మంచిదే. వందేళ్ళ గ్యారంటీ మీద సంతకం పెట్టడానికి ఎవరైనా ధైర్యం చేస్తారు, అడగడానికి వచ్చేసరికి అందరం ఫొటోల్లో ఉంటాం.

అందుకని నేనొక చిన్న సవరణ ప్రతిపాదిస్తున్నాను. సైనిక క్వార్టరు పూర్తయిందని సంతకం పెట్టిన ప్రతి అధికారీ మొదటి వానాకాలం అందులోనే, పై అంతస్తులో, కుటుంబ సమేతంగా కాపురం ఉండాలి. కాంట్రాక్టరు అత్తగారు, మామగారితో సహా పక్క వాటాలో దిగాలి. వానాకాలం వెళ్ళాకే ఆఖరి బిల్లు. అలాగైతే సంతకం పెట్టేవాడు పెట్టేముందు ఒక్కసారి గోడ మీద వేళ్ళతో తట్టి చూస్తాడు. నాణ్యత తనిఖీ అంటే చివరికి అంతే కదా.

సూపర్వైజరు గారికి ఈ మాట చెబితే ఆయన ఏమాత్రం కంగారు పడలేదు. "బాగుంది నాయనా, అమల్లో పెట్టొచ్చు. కాపురం ఉన్నట్టు ధ్రువపత్రం మూడు ప్రతులు తీసుకుంటారు. జేఈ రాస్తాడు, ఏజీఈ సరిచూస్తాడు, గ్యారిసన్ ఇంజనీరు ముద్ర వేస్తాడు. రేపు ఉదయం రా, ఫార్మాటు నేనే తయారుచేసి పెడతాను" అన్నారు.